ఎక్కేవాళ్ళు లేరన్న మాట అబద్ధం

మా ఊరికి బస్సెందుకు ఆపేశారని డిపోకి వెళ్ళి అడిగిన ఏ సర్పంచికైనా వచ్చే జవాబు ఒకటే. ఎక్కేవాళ్ళు లేరు, కలెక్షన్ రావడం లేదు, డీజిల్ ఖర్చు కూడా గిట్టడం లేదు. అదే జవాబు ఇంకాస్త పెద్ద మాటల్లో టీవీ చర్చల్లోనూ, ఆర్థిక నిపుణుల వ్యాసాల్లోనూ, పట్నంలో స్థిరపడ్డ మన చుట్టాల నోటా వినిపిస్తుంది. ఇంటింటికీ బైకు వచ్చింది, పిలిస్తే ఆటో వస్తుంది, ఈ రోజుల్లో పల్లెకి బస్సు దేనికి, ఖాళీ సీట్లని ఊరూరా తిప్పడానికి ప్రభుత్వం డబ్బెందుకు పొయ్యాలి అంటారు. చెప్పగా చెప్పగా ఇది నిజమే కాబోలని పల్లెల్లో జనం కూడా అనుకోవడం మొదలుపెట్టారు. జరిగినదాన్ని తలకిందులు చేసి చెప్పే వాదన ఇది. బస్సుని కొంచెం కొంచెంగా తీసేస్తూ వచ్చారు. జనం ఒక్కొక్కరే వేరే దారి చూసుకున్నారు. ఆ తర్వాత మిగిలిన ఖాళీ సీట్లని లెక్కపెట్టి, ఇదిగో సాక్ష్యం అన్నారు.

ఒక ఊరి బస్సు ఎలా పోతుందో దగ్గర నుంచి చూసినవాళ్ళకి తెలుసు. ముందు మధ్యాహ్నం ట్రిప్పు పోతుంది. ఆ వేళకి ఎలాగూ జనం పలచగా ఉంటారు కాబట్టి ఎవరూ పెద్దగా అడగరు. అయితే పొద్దున పట్నం వెళ్ళిన ముసలామె ఆసుపత్రిలో పని ఒంటిగంటకే అయిపోయినా సాయంత్రం దాకా బస్టాండులో కూర్చోవాలి. రెండుసార్లు అలా కూర్చున్నాక మూడోసారి ఆటోలో వెళ్ళి ఆటోలో వస్తుంది. అంటే పొద్దున బస్సు కూడా ఒక టికెట్టు పోగొట్టుకుంది.

ఆ తర్వాత నైట్ హాల్ట్ వంతు. రాత్రి ఎనిమిదింటికో తొమ్మిదింటికో ఊరు చేరి, డ్రైవరూ కండక్టరూ పంచాయతీ ఆఫీసులోనో బడి వరండాలోనో పడుకుని, తెల్లారగట్ల మళ్ళీ బయల్దేరే బస్సది. పాల క్యాన్లు, కూరగాయల గంపలు, పట్నంలో అడ్డా మీద నిలబడే కూలీలు, పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ కోసం ముందుగా వరసలో నిలబడాల్సిన రోగులు, కాలేజీ పిల్లలు, అందరికీ అదే ఆధారం. సిబ్బంది చాలడం లేదనో, నైట్ అవుట్ అలవెన్సు దండగనో దాన్ని ఎత్తేస్తారు. అప్పటినుంచి మొదటి బస్సు పొద్దున డిపోలో బయల్దేరి, ఊళ్ళన్నీ తిరుక్కుంటూ తొమ్మిదింటికి వస్తుంది. తొమ్మిదింటికి అడ్డా మీద కూలీకి పని దొరకదు, కాలేజీలో మొదటి పీరియడ్ అయిపోతుంది, పాలు విరిగిపోతాయి. ఆ బస్సు ఖాళీగానే వెళ్తుంది మరి. వేళ తప్పించి పంపిన బస్సులో జనం లేరని జనాన్ని తప్పుపట్టడం ఎక్కడి న్యాయం?

ఇక నమ్మకం సంగతి. ఎక్స్‌ప్రెస్ ఏదైనా మధ్యలో ఆగిపోతే, దాని బదులు పంపడానికి చేతికందేది పల్లె వెలుగే. మేడారం జాతరకి వేల బస్సులు కావాలి. పండగ స్పెషళ్ళకి కావాలి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ముఖ్యమంత్రి సభ అంటే జనాన్ని తోలడానికి బస్సులు కావాలి. అవన్నీ ఆకాశం నుంచి ఊడిపడవు. ఊళ్ళకి తిరిగే సర్వీసుల్నే లాగుతారు. జాతరకి బస్సులు వెయ్యాల్సిందే, అందులో తప్పేమీ లేదు. ప్రతిసారీ కోత పల్లె సర్వీసుకే పడటమే తప్పు. ఇవాళ బస్సు రాదని స్టేజీ దగ్గర నిలబడ్డవాళ్ళకి ఎవరూ చెప్పరు. పరీక్ష రోజున గంటన్నర చూసి చివరికి లారీ ఎక్కి వెళ్ళిన పిల్ల తండ్రి ఆ రాత్రే బైకు ఫైనాన్స్ గురించి వాకబు చేస్తాడు. కొవిడ్‌లో ఆగిన ట్రిప్పుల్లో తిరిగి రానివి చాలా ఉన్నాయి. వాటికోసం ఊళ్ళు రెండేళ్ళు దరఖాస్తులు పెట్టి పెట్టి ఊరుకున్నాయి. ఊరుకున్నాయి గనక అవసరం లేదన్నమాటేగా అని రాసుకున్నారు.

ఇంత జరిగాక డిపోలో లెక్క తీస్తారు. ఆ లెక్క పేరు ఈపీకే, అంటే కిలోమీటరుకి వచ్చిన రాబడి. ఖర్చు కిలోమీటరుకి ఇంత, రాబడి ఇంత, తేడా ఇంత, కాబట్టి రూటు నష్టం. లెక్కలో కూడికలు సరిగానే ఉంటాయి, చిక్కంతా ఏది ఎక్కడ రాస్తారన్నదాంట్లో ఉంది. ఊరి నుంచి పల్లె వెలుగు ఎక్కి జిల్లా కేంద్రానికి వచ్చి, అక్కడ సూపర్ లగ్జరీలో హైదరాబాదో విజయవాడో వెళ్ళే మనిషి ఇచ్చిన పెద్ద టికెట్టు సూపర్ లగ్జరీ ఖాతాలో పడుతుంది. అతణ్ణి అక్కడిదాకా తెచ్చిన పల్లె బస్సు ఖాతాలో పదో ఇరవయ్యో పడతాయి. ఆ పల్లె బస్సుని ఆపేస్తే అతను బైకు మీద హైవే దాకా వచ్చి, అక్కడ ఆగే ప్రైవేటు ట్రావెల్స్ బస్సెక్కుతాడు. పెద్ద టికెట్టూ పోయింది. ఇక పాసుల పిల్లలు. పదో తరగతి దాకా ఆడపిల్లలకి ఉచిత పాసు, పెద్ద తరగతుల వాళ్ళకి రాయితీ పాసు. పొద్దున బస్సులో సగం మంది వాళ్ళే, నిలబడటానికి చోటుండదు. అయినా కండక్టరు టికెట్ మిషన్‌లో ఆ ట్రిప్పు పేదగా కనిపిస్తుంది. బడికి వెళ్ళే పిల్లలతో కిక్కిరిసిన బస్సు కాగితం మీద ఖాళీ బస్సుగా మారిపోతోంది.

బైకు, ఆటో ఉన్నాయిగా అనేవాళ్ళని ఒకటి అడగాలి. ఇంట్లో బైకు ఎవరిది? మగవాడిది. పొద్దున అతను పనికి తీసుకుపోతే ఇంట్లో మిగిలిన నలుగురికీ అది లేనట్టే. డయాలసిస్‌కి వారంలో మూడు రోజులు వెళ్ళాల్సిన మనిషి బైకు నడపలేడు. పెన్షన్ పనికో రేషన్ కార్డు పనికో మండలాఫీసుకి వెళ్ళాల్సిన ముసలమ్మ నడపలేదు. ఇంటర్ చదివే పిల్లకి లైసెన్సు వచ్చే వయసు కూడా రాలేదు. ఇంటికో బైకు అన్న లెక్కలో ఈ మనుషులెవరూ లేరు. బస్సు పోయిన ఊళ్ళో ఆడపిల్ల చదువు పదో తరగతితో ఆగిపోవడానికి తల్లిదండ్రుల మూఢత్వం కారణమని చెప్పడం తేలిక. సాయంత్రం అయిదున్నరకి కాలేజీ నుంచి ఊరికి వచ్చే బస్సు ఉందా లేదా అన్నదే ఆ ఇంట్లో అసలు ప్రశ్న. చీకటి పడ్డాక ముక్కూమొహం తెలియని వాళ్ళ మధ్య ఇరుక్కుని ఆటోలో రావాలంటే ఏ తండ్రయినా వెనకాడతాడు. అతణ్ణి నేను తప్పుపట్టలేను.

ఆటో నడిపేవాళ్ళ మీద నాకు కోపం లేదు. బస్సు వదిలేసిన చోట, అప్పు చేసి బండి కొని, ఊళ్ళని పట్నంతో కలిపి ఉంచింది వాళ్ళే. వాళ్ళు లేకపోతే ఎన్నో కాన్పులు ఇళ్ళలోనే అయ్యేవి. అయితే ఆటో బస్సుకి బదులు కాదు. నలుగురు కూర్చునే బండిలో పన్నెండు మందిని ఎక్కిస్తేగానీ అతనికి ఫైనాన్స్ కిస్తీ వెళ్ళదు. ఎక్కించకపోతే బండి స్టాండులోంచి కదలదు. మిరప కోతల కాలంలో, పత్తి ఏరే కాలంలో కూలీల ఆటో బోల్తా అన్న వార్త చదవకుండా ఏ ఏడూ గడవదు. చార్జీకి పట్టిక లేదు. రాత్రయితే, వానొస్తే, మనిషి ఒంటరిగా ఉంటే అడిగినంత ఇవ్వాలి. బస్సు పాసు ఆటోలో చెల్లదు. ప్రభుత్వం ఆర్టీసీ మీద మిగుల్చుకున్నాననుకునే ప్రతి రూపాయికీ ఆ ఊరి జనం ఆటో చార్జీగా అంతకన్నా ఎక్కువే కడుతున్నారు. ఆ లెక్క ఏ బడ్జెట్‌లోనూ కనిపించదు.

ఎక్కేవాళ్ళు లేరన్న మాటకి 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద జరిగినదానికన్నా ఘోరమైన జవాబు లేదు. జగిత్యాల డిపో బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే, ఎక్కువమంది ఆడవాళ్ళు. సీట్లకి దాదాపు రెండింతల మంది ఆ బస్సులో ఉన్నారు. బ్రేకుల గురించి, డ్రైవరు గురించి, ఆ దారిని ఎంచుకోవడం గురించి చాలా మాట్లాడారు, మాట్లాడాల్సిందే. ఆ ఊళ్ళకి ఎక్కేవాళ్ళే లేకపోతే ఒక్క బస్సులో అంతమంది ఎందుకున్నారన్న ప్రశ్న మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు.

అయిదేళ్ళ తర్వాత ఇదే ప్రశ్నకి ఇంకో రకంగా జవాబొచ్చింది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. ఆడవాళ్ళకి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు ఉచితమన్నారు. రోజుల్లోనే బస్సులు నిండిపోయాయి. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి మొదలయ్యాక అక్కడా అదే జరిగింది. ఈ ఆడవాళ్ళంతా అంతకుముందు ఎక్కడున్నారు? ఆటోలకి డబ్బు కట్టుకుంటూ, ఆసుపత్రి పనిని వచ్చే నెలకి వాయిదా వేసుకుంటూ, పుట్టింటికి వెళ్ళాలన్న ఆశని చంపుకుంటూ ఇళ్ళల్లో ఉన్నారు. పల్లెల్లో ప్రయాణ అవసరం లేదని రెండు దశాబ్దాలు రాసిన నివేదికలన్నిటినీ వాళ్ళు ఒక్క వారంలో కొట్టిపారేశారు. సీట్ల కోసం ఆడవాళ్ళు గొడవపడే వీడియోలు చూసి నవ్వుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. సీటు కోసం గొడవ జరిగిందంటే బస్సులు చాలడం లేదని అర్థం. నవ్వాల్సింది అందులో ఏముంది?

ఈ పథకాల మీద నా అభ్యంతరం వేరే. ప్రయాణికులు పెరిగినంతగా బస్సులు పెరగలేదు. టికెట్టు ఉచితం చేశారు, బస్సు పోయిన ఊళ్ళకి బస్సు తిరిగి వెయ్యలేదు. బస్సే రాని ఊళ్ళో ఉన్న ఆడమనిషికి మహాలక్ష్మి పేపర్లో చదువుకునే వార్తగానే మిగిలింది. ఇక ఉచితాల వల్లే ఆర్టీసీ మునిగిపోతోందనేవాళ్ళు ఒక విషయం మరిచిపోతున్నారు. ఉచితాలకి ముందే, టికెట్టు చార్జీలు వరసగా పెంచిన సంవత్సరాల్లోనే ఆర్టీసీకి అప్పులు పేరుకుపోయాయి.

ఆ అప్పుల చరిత్ర తెలియకుండా ఆర్టీసీని నష్టాల సంస్థ అనడం అన్యాయం. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో రోడ్డు రవాణా శాఖగా 27 బస్సులతో మొదలైన వ్యవస్థ ఇది. 1958లో ఏపీఎస్ఆర్టీసీ అయింది. తొంభైల చివరికల్లా ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ బస్సులున్న సంస్థగా గిన్నిస్ రికార్డుకెక్కింది. అంతదూరం ఎదగడానికి రెండు ఊతాలున్నాయి. ఒకటి, 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద కేంద్రమూ రాష్ట్రమూ పెట్టిన మూలధనం. అది వాటా సొమ్ము, నెలనెలా కిస్తీ కట్టాల్సిన అప్పు కాదు. రెండోది, జాతీయం చేసిన రూట్లు. లాభమొచ్చే రూటు మీద హక్కు ఇస్తాం, ఆ లాభంతో నష్టమొచ్చే ఊరికి కూడా బస్సు తిప్పు అన్నది ఒప్పందం. ఆ లాభాలు ఏమాత్రమో ప్రైవేటు ఓనర్లకి బాగా తెలుసు. కృష్ణా జిల్లా రూట్లని ఆర్టీసీ తీసుకోబోతే సుప్రీంకోర్టు దాకా పోరాడారు. 1958, 1959ల్లో వచ్చిన ఆ తీర్పుల్ని లా కాలేజీల్లో ఇప్పటికీ చదువుతారు.

రెండు ఊతాలూ ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. కేంద్రం మూలధనం ఇవ్వడం మానేసింది. రాష్ట్రాలు మూలధనం బదులు అప్పులకి హామీలు ఇవ్వడం నేర్చుకున్నాయి. కొత్త బస్సు కొనాలంటే అప్పు, అప్పుకి వడ్డీ, వడ్డీ కట్టడానికి మళ్ళీ అప్పు. ఇంకో పక్క దూరప్రాంత ప్రయాణికుల్ని ట్రావెల్స్ బస్సులు తీసుకుపోయాయి. కాంట్రాక్టు క్యారేజీ పర్మిట్లు, టూరిస్టు పర్మిట్లు చేతిలో పెట్టుకుని, ఎక్కడో దూరాన రిజిస్ట్రేషన్ చేయించుకుని, మన ఊళ్ళ మధ్య స్టేజీ బస్సుల్లాగే టికెట్లమ్ముతూ తిరుగుతున్నాయి. ప్రమాదం జరిగి బస్సు కాలిపోయినప్పుడు తప్ప ఆ పర్మిట్ల గురించి ఎవరూ అడగరు. హైదరాబాదు–విజయవాడ రూటు మీద వచ్చే మిగులే కదా ఒకప్పుడు అచ్చంపేట అడవి అంచున ఊరికి, పాడేరు కొండమీద ఊరికి బస్సు నడిపింది! పాడి గేదెని పక్కింటికి తోలేసి, మజ్జిగ ఎందుకు పలచబడిందని ఇంటి ఇల్లాలిని నిలదీసినట్టుంది ఈ వరస.

డీజిల్ సంగతి చెబితే నమ్మబుద్ధి కాదు. 2013 జనవరిలో కేంద్రం బల్క్ కొనుగోలుదార్లకి డీజిల్ ధర విడిగా పెంచింది. ఆర్టీసీలు ఆ జాబితాలో ఉన్నాయి. దాంతో సొంత కారున్న ఆసామి బంకులో కొనే డీజిల్ కన్నా, అరవై మంది పేదల్ని మోసే బస్సు కొనే డీజిల్ లీటరుకి పది రూపాయల పైన ఎక్కువైంది. డిపోలో సొంత ట్యాంకులున్న బస్సులు రోడ్డు మీద బంకుల దగ్గర వరస కట్టాల్సి వచ్చింది. 2022 మార్చిలో మళ్ళీ బల్క్ ధర లీటరుకి 25 రూపాయలు పెరిగితే మళ్ళీ అదే అవస్థ. దాని మీద రాష్ట్రాల వ్యాట్ వేరే. తెలంగాణలో డీజిల్ మీద వ్యాట్ 27 శాతం. ఒక చేత్తో పన్ను గుంజుకుని, ఇంకో చేత్తో అందులో కొంత గ్రాంటుగా ఇచ్చి, చూశారా మీ ఆర్టీసీని మేమే పోషిస్తున్నాం అంటున్నారు.

మన దేశంలో ప్రయాణానికి ప్రభుత్వం డబ్బివ్వదా? ఇస్తుంది, ధారాళంగా ఇస్తుంది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద మొదలైన తొలి విమానాల్లో కడప–హైదరాబాదు సర్వీసు ఒకటి. సగం సీట్లకి గంట ప్రయాణానికి 2,500 రూపాయల దరిదాపుల్లో గరిష్ఠ ధర పెట్టారు. విమాన సంస్థకి వచ్చే లోటుని వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ పేరుతో పూడుస్తామన్నారు. ఆ డబ్బు కోసం పెద్ద రూట్ల విమానాల మీద లెవీ వేశారు, రాష్ట్రం కూడా వాటా ఇవ్వాలన్నారు, ఇంధనం మీద వ్యాట్ ఒక శాతానికి తగ్గించమన్నారు. లాభాల రూటు సొమ్ముతో లోటు రూటు నడపడం, పన్ను తగ్గించడం, మిగిలిన తేడా ఖజానా నుంచి ఇవ్వడం. పల్లె బస్సు కోసం మనం అడుగుతున్నవి అక్షరాలా ఇవే. కడపకి విమానం వద్దని నేననడం లేదు. కడప విమానాశ్రయంలో దిగిన మనిషికి దక్కిన మర్యాద, అదే జిల్లాలో సంతకి వెళ్ళడానికి స్టేజీ దగ్గర నిలబడ్డ మనిషికి ఎందుకు దక్కదని అడుగుతున్నాను.

హైదరాబాదు మెట్రో చూడండి. ప్రైవేటు సంస్థ నడిపితే లాభాలొస్తాయని చెప్పి కట్టించారు, కేంద్రం అక్కడా లోటు నిధి ఇచ్చింది. 2017 నవంబరులో రైళ్ళు మొదలయ్యాయి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నష్టాలే. 2025 సెప్టెంబరులో ఆ సంస్థ వాటాని తానే తీసుకోవడానికి, సుమారు 13,000 కోట్ల అప్పు నెత్తిన వేసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. నగరానికి మెట్రో కావాలి కాబట్టి ఒప్పుకుంది, మంచిదే. మెట్రోకి ఎక్కేవాళ్ళు చాలడం లేదు, రైళ్ళు ఆపేద్దాం అని ఒక్క ఆర్థిక నిపుణుడూ అనలేదు. కేంద్రం 2023 ఆగస్టులో ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ పదివేల ఎలక్ట్రిక్ బస్సుల పథకం. బస్సు నడిచిన కిలోమీటరు లెక్కన పదేళ్ళపాటు సాయమిస్తుంది. అది ముఖ్యంగా 3 లక్షల జనాభా దాటిన నగరాలకి. దాని తర్వాత వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ బస్సులు 40 లక్షలు దాటిన మహానగరాలకి. పల్లెకి రోడ్డు వెయ్యడానికి 2000 డిసెంబరు నుంచి గ్రామ సడక్ యోజన ఉంది. ఆ రోడ్డు మీద బస్సు నడపడానికి ఆ స్థాయిలో ఏ కేంద్ర పథకమూ లేదు. తారు రోడ్డు ఊరి బొడ్రాయి దాకా వచ్చింది, దాని మీద తిరిగేది మాత్రం ఎవరి బండి వాళ్ళదే.

ప్రైవేటుకి వదిలేస్తే పోటీ పెరిగి ఊరూరికీ బస్సులొస్తాయనే వాళ్ళు మధ్యప్రదేశ్ చూడాలి. అక్కడ ఆర్టీసీని 2005లో మూసేశారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2025 ఏప్రిల్‌లో, అక్కడి మంత్రివర్గమే పల్లెలతో సహా ప్రభుత్వ అజమాయిషీలో మళ్ళీ బస్సులు నడపడానికి ముఖ్యమంత్రి సుగమ్ పరివహన్ సేవ అనే పథకాన్ని ఆమోదించింది. బ్రిటన్ 1986లో లండన్ బయట బస్సుల్ని పోటీకి వదిలేస్తే, మాంచెస్టర్ ప్రాంతం 2023 నుంచి వాటిని తిరిగి తన చేతుల్లోకి తెచ్చుకుంది. ఇరవై ఏళ్ళూ, ముప్పై ఏడేళ్ళూ అంటే ఒక తరం పిల్లల చదువు. మనం ఆ తరాన్ని పోగొట్టుకుని తెలుసుకోవాలా?

తెలంగాణలో 2019 అక్టోబరు 5న దాదాపు 48 వేల మంది కార్మికులు సమ్మెకి దిగినప్పుడు ఈ వాదన అంతా బహిరంగంగా వినిపించింది. ఆర్టీసీని ప్రభుత్వంలో కలపడం కుదరదన్నారు, 5,100 రూట్లు ప్రైవేటుకిస్తామని మంత్రివర్గం తీర్మానించింది. యాభై రోజులకి పైగా సాగిన ఆ సమ్మెలో ప్రాణాలు పోయాయి. నాలుగేళ్ళు తిరక్కుండా, 2023 ఆగస్టులో, అదే ప్రభుత్వం అదే విలీనానికి శాసనసభలో బిల్లు పెట్టి నెగ్గించుకుంది. కుదరదన్నది ఎన్నికల ముందు కుదిరింది. కాబట్టి డబ్బు లేదు, దారి లేదు అన్న మాటల్ని నేను ఉన్నవి ఉన్నట్టు నమ్మను. ఆంధ్రప్రదేశ్ 2020 జనవరి 1 నుంచి ఉద్యోగుల్ని ప్రభుత్వంలోకి తీసుకుంది. కార్మికులకి అది న్యాయమే. అయితే ఉద్యోగి భద్రత ఒకటి, ఊరి బస్సు భద్రత ఇంకొకటి. విలీనం తర్వాత ఈ ఊరికి రోజుకి ఇన్ని ట్రిప్పులు తప్పనిసరి అని ఏ చట్టమూ చెప్పలేదు. జీతం ఖజానా నుంచి వచ్చినా, పాతబడ్డ బస్సు స్థానంలో కొత్త బస్సు రాకపోతే ఊరికి ఒరిగేదేముంది?

ఆర్టీసీ తప్పులు చెయ్యలేదని నేను వాదించను. నలభై గడపల ఊరికి యాభై సీట్ల బస్సు ఎందుకని అడిగేవాళ్ళ మాటలో నిజముంది. అక్కడ చిన్న బస్సు వెయ్యాలి. టైము మార్చాల్సిన చోట ఊళ్ళోవాళ్ళని కూర్చోబెట్టి అడిగి మార్చాలి. మహిళా సంఘాల చేత బస్సులు కొనిపించి అద్దెకి తీసుకునే ప్రయత్నం తెలంగాణలో మొదలైంది, దాన్ని లోపలి ఊళ్ళకి మళ్ళించాలి. నిజంగానే ఎవరూ ఎక్కని ట్రిప్పులు కొన్ని ఉంటాయి, అవి పోయినా బాధ లేదు. ఏది ఎవరూ ఎక్కనిదో, ఏది మనం ఎక్కనివ్వనిదో తేల్చిన తర్వాతే ఆ మాట అనాలి.

వ్యాపార సూత్రాల మీద నడవాలని 1950 చట్టం 22వ సెక్షన్‌లో రాసుందని అధికారులు తరచూ గుర్తుచేస్తారు. రాసుంది. దానికన్నా ముందు 18వ సెక్షన్ ఉంది. రాష్ట్రంలో సమర్థమైన, చాలినంత, చవకైన, సరిగా సమన్వయమున్న రవాణాని సమకూర్చడం సంస్థ విధి అని అందులో రాసుంది. ఆ విధిని నెరవేర్చమని చెప్పే ప్రభుత్వం దాని ఖరీదు కూడా తానే ఇవ్వాలి. నగరాల ఎలక్ట్రిక్ బస్సుకి కిలోమీటరు లెక్కన ఇస్తున్నట్టే పల్లె వెలుగుకీ బడ్జెట్‌లో విడిగా పద్దు పెట్టి ఇవ్వాలి. విద్యార్థుల పాసుల సొమ్ము, ఆడవాళ్ళ జీరో టికెట్ల సొమ్ము బకాయి పెట్టకుండా నెలనెలా జమ చెయ్యాలి. ఆర్టీసీ డీజిల్ మీద వ్యాట్‌ని విమాన ఇంధనం స్థాయికి తేవాలి. బస్సు కొనడానికి వాటా ధనం కేంద్రం మళ్ళీ ఇవ్వాలి. ఇవన్నీ ఒక్కసారే కాకపోవచ్చు.

ఒక పని మాత్రం రేపే చెయ్యొచ్చు, దానికి పెద్ద ఖర్చు లేదు. గత పదేళ్ళలో ఏ ఊరికి ఏ ట్రిప్పు ఎప్పుడు ఆపారో, ఎందుకు ఆపారో, ఆపడానికి ముందు ఏడాది ఆ బస్సు ఎన్నిసార్లు వేళకి వచ్చిందో, ఎన్నిసార్లు రద్దయిందో ప్రతి డిపో దగ్గరా రికార్డుంటుంది. ఆ రికార్డుని మండలాల వారీగా బయటపెట్టి, ప్రతి గ్రామసభలో చదివి వినిపించాలి. ఎక్కేవాళ్ళు లేరన్న మాట ఏ ఊరికి నిజమో, ఏ ఊరికి కాదో అక్కడ కూర్చున్నవాళ్ళే చెబుతారు.